పార్వతి మాటేమిటి?

దేవదాసు అనగానే మనకు శరత్‌బాబు గుర్తుకొస్తాడా? అబ్బే! అక్కినేని గుర్తుకొస్తారు, పక్కన ఓ కుక్క! 1917లో అచ్చయిన ఆ బెంగాలీ నవల, 1953లో వేదాంతం రాఘవయ్యగారి సినిమాతో అచ్చంగా మనదైపోయింది. తెరమీద దేవదాసుగా తూలిన ఆ అక్కినేనే 1976లో ఈ రాళ్ళగుట్టల్లో భార్య పేరిట అన్నపూర్ణ స్టూడియో కట్టారు, చూడండి!

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ మేడలు చూస్తే నాకు మాత్రం గాట్స్‌బీ జ్ఞాపకమొస్తాడు. 1925లో ఫిట్జెరాల్డ్ అనే అమెరికా రచయిత సృష్టించినవాడు. డబ్బులేక డైసీని పోగొట్టుకున్నాడు. దొంగసారాలో గడించి, ఆమె ఇంటికెదురుగా, నీళ్ళకివతల మేడ సంపాదించి విందులు చేశాడు, ఏనాటికైనా రాకపోతుందా అని! అతను ప్రేమకోసం సారా అమ్మాడు, మనవాడు ప్రేమ పోయిందని తాగాడు.

"పాపం దేవదాసు!" అంటుంది మా వదిన, టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా.

"పార్వతి పాపం కాదూ, వదినా?" అంటాను.

అర్ధరాత్రి, పరువు సంగతి తలవకుండా అతని గదికి వెళ్ళిందా పిల్ల. అతనేమో పెద్దవాళ్ళకు జడిసి పట్నం వెళ్ళిపోయాడు. అవమానపడ్డ తండ్రి పంతానికి పోయి, ఎదిగిన పిల్లలున్న జమీందారుకి కట్టబెట్టాడు. నవల్లో చూడండి, అలిగిన సవతి కూతురిని తన నగలన్నీ తొడిగి మరీ దగ్గరకు తీసుకుంటుంది. బంగారంమీద ఆమెకున్న మోజు అంత!

చివరికి దేవదాసు ఆమె ఇంటిముందే ప్రాణం వదిలాడు. ఆ సంగతి తెలిసి పరుగెత్తింది. జమీందారుగారి భార్య వీధిలోకి వెళ్ళడమేమిటని ఇంట్లోవాళ్ళే పట్టుకు ఆపేశారు.