తేమ ఆరని పత్తి

2024 ఆగస్టు. కరీంనగర్‌లో మా కాలేజీ, నేను థర్డ్ ఇయర్ సీఎస్ఈ. కోడింగ్ క్లబ్‌లో జూనియర్లకి ఒక సెషన్ చెప్పమన్నారు. ఏం చెప్పాలా అని వెతుకుతుంటే, ఆ నెల 1న పైథాన్ 3.13 మొదటి రిలీజ్ క్యాండిడేట్ వచ్చిందని కనిపించింది. ఇంక ఆగుతానా! "అందరికన్నా ముందు మనమే" అని పోస్టర్ కొట్టించాను.

సెషన్ బాగా జరిగింది. రంగుల్లో కనిపించే కొత్త షెల్ చూపిస్తే చప్పట్లు. ఎన్ని థ్రెడ్లున్నా ఒకసారికి ఒక్కదాన్నే నడవనిచ్చే 'గిల్' అనే తాళం తీసేసిన ప్రయోగాత్మక బిల్డ్ గురించి చెప్తే ఇంకా గట్టిగా చప్పట్లు. ఆ ఊపులో, "పాతది తీసేసి ఇదే వేసుకోండి" అనేశాను. ఇది ప్రివ్యూ మాత్రమే, అసలు పనులకు వాడొద్దని డౌన్‌లోడ్ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. నేను చదివాను కూడా. స్లైడ్ అందం చెడుతుందని ఆ మాట వదిలేశాను.

సెప్టెంబర్‌లో ఒక రాత్రి సెకండియర్ తమ్ముడొకడు హాస్టల్ రూముకి వచ్చాడు. ఆదిలాబాద్ దిక్కు పిల్లవాడు, వాళ్లది పత్తి వ్యవసాయం. చేతిలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్.

"అన్నా, మీరు చెప్పిన్రని పాతది తీసేసిన. ఇయ్యాల రివ్యూల ప్రాజెక్టు నడువలే. అన్నీ ఎర్రటి ఎర్రర్లే. పదికి మూడు మార్కులేసిన్రు."

కూర్చొని చూశాను. వాడు వాడుతున్న ఒక లైబ్రరీకి 3.13 కోసం రెడీమేడ్ ఫైల్ ఇంకా రాలేదు. దాంతో పిప్ సోర్స్ నుంచి కట్టబోయింది. వాడి ల్యాప్‌టాప్‌లో సీ కంపైలర్ లేదు. వాడి డేటా కూడా అయిపోయింది. నా హాట్‌స్పాట్ మీద 3.12 మళ్లీ ఎక్కించి, అన్నీ సరిచేసేసరికి రాత్రి రెండయింది. ప్రాజెక్టు నడిచింది, కానీ పోయిన మార్కులు పోయినట్టే.

సారీ చెప్పాను. వాడు కోప్పడితే బాగుండేది. నవ్వాడు.

"మా బాపు గూడ ఒకసారి గిట్లనే చేసిండన్నా. అందరికన్నా ముందు యార్డుకు పోవాలని తేమ ఆరకముందే పత్తి తీస్కపోయిండు. మీటర్ పెట్టి చూసి రేటు కోసిన్రు."

పత్తిలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. ఆపైన కోత. 12 దాటితే సీసీఐ కొనదు. పత్తి మంచిదే, ఇంకా ఆరలేదంతే. నేను అమ్మింది కూడా అలాంటి సరుకే, పైగా మీటర్ దాచిపెట్టి మరీ.

అక్టోబర్ 1న ఫైనల్ రావాలి. రాలేదు. కొత్త చెత్త సేకరణ పద్ధతి, అంటే ఇంక్రిమెంటల్ గార్బేజ్ కలెక్టర్, వల్ల కొన్ని ప్రోగ్రాములు నెమ్మదిస్తున్నాయని చివరి నిమిషంలో దాన్ని తీసేసి, ఆ రోజు మూడో రిలీజ్ క్యాండిడేట్ ఇచ్చారు. అసలుది 7న వచ్చింది. తయారు చేసినవాళ్లే ఆగి, వెనక్కి తగ్గారు. వాళ్లకి లేని నమ్మకం ఆగస్టులో నాకెక్కడిది?

తర్వాతి సెషన్‌లో ముందుగా నేను వదిలేసిన ఆ మాటే చదివాను. కొత్తదాన్ని చూడొద్దని కాదు. బీటాలు, క్యాండిడేట్లు ఇచ్చేదే జనం వాడి చూసి తప్పులు చెప్పాలని. కానీ పాతదాన్ని ఉండనిచ్చి పక్కన వేసుకోవాలి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో నడపాలి, ఏదైనా విరిగితే ఆ లైబ్రరీ వాళ్లకి రాయాలి. ఈసారి చప్పట్లు తక్కువే పడ్డాయి.

2025లో 3.14 బీటా వచ్చినప్పుడు పోస్టర్ ఆ తమ్ముడే చేశాడు. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఒకటే లైను: "ఇది ఇంకా పూర్తి కాలేదు." దాని కింద చిన్నగా: "అందుకే మనం చూడాలె."