పిడికిలికి తగిన తొడుగు

'ముష్టి' యను మాట వినగానే మన ఇండ్లలోని పెద్దలకు వాకిట నిలిచిన బిచ్చగాడు జ్ఞప్తికి వచ్చును. సంస్కృతమున ఈ పదమునకు పిడికిలి యని అర్థము. పిడికెడు బియ్యము పెట్టుటనుండి తెలుగున అది భిక్షమునకును పేరైనది. కావుననే తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తాను ముష్టియుద్ధము నేర్చుకొనుచున్నానని ఇంట చెప్పగా, ఆమె అవ్వ "ముష్టికి కూడా యుద్ధమా?" అని నవ్వినదట. అవ్వ నవ్వినను ఆట మన పిల్లలను ఆకర్షించుచునే యున్నది. మా పాఠశాల పిల్లలు కొందరు సాయంకాలములందు ఈ విద్య నభ్యసించుచున్నారు. వారికిని, వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బలమునకు సంబంధించిన క్రీడలు మన జిల్లాకు క్రొత్తవి కావు. వేలూరు సత్తువాచారికి చెందిన సతీష్ శివలింగం 2014లో గ్లాస్గోయందును, 2018లో గోల్డ్‌కోస్టుయందును జరిగిన కామన్‌వెల్తు క్రీడలలో బరువులెత్తు పోటీలందు స్వర్ణపతకములు గెలిచెను. ముష్టియుద్ధమున మన తెలుగు ఆడపడుచు, నిజామాబాదున పుట్టిన నిఖత్ జరీన్, 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచినది. మేము పైన చెప్పిన బాలిక ఆమె చిత్రమును తన తెలుగు వాచకపు అట్టలోపల అంటించుకొనినది. పాఠము చెప్పునపుడు దానిని చూచియు చూడనట్లుంటిమి.

మేము తెలుగు బోధించువారము. తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున మాకు వ్యాకరణము, ఛందస్సు, బోధనపద్ధతులు నేర్పిరే గాని గ్లౌజుల సంగతి ఎవరును చెప్పలేదు. ఐనను ప్రతిదినము చూచివ్రాత దిద్దువారికి పిల్లల చేతుల సంగతి కొంత తెలియును. ఆ బాలిక దస్తూరి ముత్యములవంటిది. గత సంవత్సరము దసరా సెలవుల తరువాత అది మారినది. ఒత్తులు వంకరపోయినవి. 'క్ష', 'జ్ఞ' వంటి అక్షరములకడ కలము ఆగి ఆగి నడచుచుండెను. చేయి నొప్పియా యని అడిగితిమి. "నొప్పేమీ లేదు సార్" అని ఆమె కుడిచేతిని బల్లక్రిందికి జరుపుకొనెను.

ఆమె తండ్రి గుడియాత్తములో లుంగీలు నేయువాడు. తల్లి ఇంట బీడీలు చుట్టును. చేతులే ఆ యింటి ఆస్తి. వారమైన తరువాత తండ్రి పాఠశాలకు వచ్చి, "సార్, మా ఇంట్లో అందరికీ అన్నం పెట్టేది చేతులే. పాప చెయ్యి పాడైతే ఏంది గతి? ఈ ఆట మానిపించేస్తాను" అనెను. ఆయన మాటలో తప్పు లేదు. అయితే ఆ మాటకు భయపడియే ఆమె నొప్పిని దాచుచున్నదని మాకు తోచినది. నొప్పి చెప్పినచో ఆట పోవును; చెప్పకున్నచో చేయి పోవును. పదునాలుగేండ్ల పిల్ల ఈ రెంటిలో దేనిని ఎంచుకొనునో చెప్పనక్కరలేదు.

నొప్పి మనకు శత్రువా, మిత్రమా యని అడిగినచో, దానికి సమాధానము మన వేలూరులోనే దొరకును. పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1914లో మన రాష్ట్రమునందలి కొల్లిమలలలో జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. కుష్ఠువ్యాధిగ్రస్తుల వ్రేళ్ళు వ్యాధివలననే రాలిపోవునని లోకము నమ్మిన కాలమది. వారి చేతులను పరీక్షించిన ఆయనకు వేరొక సత్యము గోచరించెను. వ్యాధి నరములను చెరచి స్పర్శను హరించును. స్పర్శ పోయినవాడు నొప్పి నెరుగడు. నొప్పి నెరుగనివాడు కాలుచున్న గిన్నెను వదలడు, తెగిన వ్రేలికి కట్టు కట్టుకొనడు. ఆ గాయములు, వానిలో చేరిన చీము వ్రేళ్ళను హరించుచుండెను.

ఆయన తన గ్రంథమున ఒక ఉదంతము చెప్పియున్నాడు. తుప్పుపట్టిన తాళమొకటి ఆయన ఎంత ప్రయత్నించినను తెరుచుకొనలేదు. అంతలో ఒక బక్కపలుచని పిల్లవాడు, రోగులలో ఒకడు, ముందుకు వచ్చి తాళముచెవిని అవలీలగా త్రిప్పెను. వాని బలమునకు వైద్యుడు ఆశ్చర్యపడుచుండగనే నేలపై నెత్తురుబొట్లు కనబడెను. పిల్లవాని వ్రేలు ఎముక కనబడునంతగా తెగియుండెను. వానికి ఆ సంగతి తెలియనే లేదు.

ఈ కథను ఆ బాలికకు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడక, మెల్లగా చేతిని బల్లపై పెట్టినది. మెటికలు వాచియున్నవి. బొటనవ్రేలి మొదలు కమిలియున్నది. "చెప్తే నాయన మానిపిస్తాడు సార్, అందుకే చెప్పలేదు" అనెను. తండ్రి ఆమెను వైద్యుని యొద్దకు తీసికొనిపోయెను. ఎముక విరుగలేదనియు, మూడు వారములు ఆ చేతితో గుద్దరాదనియు వైద్యుడు చెప్పెను. విశ్రాంతి యన్నంతనే ఆమె ముఖము చిన్నబోయినది. నిఖత్ జరీన్ కూడ 2017లో భుజమునకు గాయమై చాలకాలము పోటీలకు దూరముగా నుండి, ఆ తరువాతనే ప్రపంచ విజేతయైనదని గుర్తుచేసితిమి.

గాయమునకు కారణమును వెదకుట మిగిలెను. ఆమె ధరించు గ్లౌజులను తెప్పించి చూచితిమి. అవి చెన్నపట్టణమున నున్న పెదనాన్న కొడుకు వాడి విడిచినవి. పెద్దవాని చేతికి కుట్టిన పదునారు ఔన్సుల గ్లౌజులు. వానిలో ఆ పిల్ల పిడికిలి బిందెలో గరిటెవలె కదలుచుండెను. ఇక నొప్పి రాకేమి చేయును?

మన చేతిలో ఇరువదియేడు ఎముకలున్నవి. మణికట్టున ఎనిమిది, అరచేతిలో అయిదు, వ్రేళ్ళలో పదునాలుగు. పిడికిలి బిగిసి, మణికట్టు తిన్నగా నున్నపుడు దెబ్బయొక్క బరువు చూపుడువ్రేలు, నడిమివ్రేలు మెటికలనుండి ముంజేతికి సూటిగా పోవును. తొడుగు వదులైనచో పిడికిలి లోపల జారును. మెత్త ఒకచోట, మెటికలు ఒకచోట నుండును. మణికట్టు మడతపడును. దెబ్బ ప్రక్కకు తిరిగి చిటికెనవ్రేలి వైపు పడినచో అరచేతిలోని ఆ సన్నని ఎముక విరుగుటయు కలదు. మితిమీరి బిగుతైన తొడుగు వేరొక విధమున బాధించును. గోళ్ళు ఒత్తుకొనును, వ్రేళ్ళు తిమ్మిరెక్కును, పిడికిలి పూర్తిగా మూయబడదు.

ఇచట పలువురు పొరపడు విషయమొకటి యున్నది. గ్లౌజులపై నుండు ఔన్సుల సంఖ్య బరువును తెలుపునే గాని చేతి కొలతను తెలుపదు. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. పది ఔన్సులనగా సుమారు 283 గ్రాములు, పండ్రెండు ఔన్సులనగా 340, పదునారు ఔన్సులనగా 454. సంఖ్య పెరిగినకొలది సాధారణముగా మెత్త పెరుగును. కాని ఒకే సంఖ్యగల రెండు జతలలో చేయి దూరు చోటు ఒకే విధముగా నుండదు. చెప్పుల సంఖ్య చెప్పి కొనినంత సులభముగా గ్లౌజుల సంఖ్య చెప్పి కొనరాదు.

ఒక శనివారము తండ్రీకూతుండ్రతో మేమును వేలూరు అంగడికి పోయితిమి. అంగడివాడు "ఎన్ని ఔన్సులు?" అని యొక ప్రశ్నయే అడిగెను. శిక్షకుడు పది ఔన్సులవి చాలునని చెప్పి పంపియుండెను. పది ఔన్సులవే రెండు జతలు చూపగా, ఒకదానిలో వ్రేళ్ళకొనలకు మీద రెండంగుళముల చోటు మిగిలెను, మరియొకటి చక్కగా అమరెను. చేతిపట్టీ చుట్టుకొనిన పిమ్మటనే గ్లౌజు తొడిగి చూడవలెనని శిక్షకుడు చెప్పియుండుటచే పట్టీలను కూడ తీసికొనిపోయితిమి. పిల్ల ఎడమచేతితో తడబడుచుండగా తండ్రి పట్టీని తన చేతిలోనికి తీసికొని మణికట్టు చుట్టును, మెటికల మీదను, బొటనవ్రేలి చుట్టును ఒకే బిగువున చుట్టెను. "పడుగు మరీ బిగిస్తే నూలు తెగుతుంది, వదులైతే గుడ్డ ముడతలు పడుతుంది. ఇదీ అంతే కదా సార్!" అనెను. అంగడివాడు కూడ చేయి ఆపి చూచెను. ఆట మానిపింతునని వచ్చిన మనిషి ఆనాటినుండి ప్రతి సాయంకాలము పట్టీ తానే చుట్టి పంపుచున్నాడు. గ్లౌజుల వెల ఆయనకు నాలుగు దినముల కూలి. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టులందు తోలు పదునుచేయు మన ప్రాంతమువారికి తోలు విలువ తెలియనిది కాదు. వైద్యమునకగు వ్యయముకంటె ఇది తక్కువయని ఆయనయే లెక్కవేసి చెప్పెను.

కొనదలచినవారు గమనింపవలసిన విషయములు ఇవి. పట్టీ చుట్టిన చేతితోనే తొడిగి చూడవలెను. వ్రేళ్ళకొనలు తొడుగు పైభాగమును తాకీ తాకనట్లుండవలెను. పిడికిలి మూయుటకు ప్రయాసపడకూడదు. బొటనవ్రేలు తన గూటిలో వంపుగా నిలువవలెను, వెనుకకు లాగబడకూడదు. మణికట్టు పట్టీ బిగించిన తరువాత, రెండవ చేతితో గ్లౌజును పట్టి త్రిప్పినచో అది లోపలి చేతితో కలిసి తిరుగవలెనే గాని విడిగా తిరుగరాదు. రెండు చేతులకును తొడిగి రెండు నిమిషములు ఉంచినపుడు తిమ్మిరి తోచరాదు. ఎదుగు పిల్లలు గదాయని రెండేండ్లకు సరిపోవునట్లు పెద్దవి కొనుట పొదుపు కాదు. బడి చొక్కా పొడవైనచో మడిచి కుట్టవచ్చును, గ్లౌజును మడిచి కుట్టలేము.

పాతవి వాడుటయే తప్పని మేమనము. మెటికలచోట బొటనవ్రేలితో నొక్కి చూడుడు. మెత్త అణగి తిరిగి లేవకున్నను, లోపలి చేతి ఎముక తగులుచున్నను దానిని వదలివేయుడు. 1867లో ఇంగ్లండున ప్రకటింపబడిన క్వీన్స్‌బెరీ నియమములలోనే గ్లౌజులు తగిన పరిమాణము గలవియు, మేలైనవియు, క్రొత్తవియునై యుండవలెనని కలదు. అంతకంటె పురాతనమైన సాక్ష్యమొకటి 2017లో ఉత్తర ఇంగ్లండునందలి విండోలాండా అను రోమనుల కోటలో బయల్పడినది. సుమారు 1900 సంవత్సరముల క్రిందటి రెండు తోలు తొడుగులవి, జత కానివి. ఒకదానిపై వాడినవాని మెటికల ముద్ర నేటికిని నిలిచియున్నది. వాడిన తొడుగు వాడినవాని చేతికి ఒదిగిపోవుననుటకు ఇంతకన్న నిదర్శనమేల? అన్న చేతికి ఒదిగినది చెల్లెలి చేతికి ఒదుగదు. ఒకే జతను పదిమంది పంచుకొను చోట ఎవరి పట్టీలు వారికుండుట, వాడిన పిదప గ్లౌజులను తెరచి నీడలో గాలికి ఆరబెట్టుట కనీస ధర్మములు.

తలిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన మరియొక సంగతి గలదు. గ్లౌజు ముఖ్యముగా కొట్టువాని చేతిని కాపాడును. అది తలకు తగులు దెబ్బవలన మెదడునకు కలుగు హానిని మాన్పలేదు. కావున శిక్షకుడు లేనిచోట పిల్లలు ఎదురెదురుగా నిలిచి కొట్టుకొనరాదు. తలకు దెబ్బ తగిలి తల తిరిగినను, వాంతియైనను ఆ దినమే ఆట నిలిపి వైద్యుని చూడవలెను. చేతి విషయమున కూడ గ్లౌజు విప్పిన తరువాత నొప్పి తగ్గకున్నను, వాపు నిలిచినను, పిడికిలి మూసినపుడు ఒక వ్రేలు ప్రక్కవ్రేలిపైకి ఎక్కినను ఇంటివైద్యముతో కాలము గడపరాదు.

తలిదండ్రులారా, పిల్లలు నొప్పి యని చెప్పినపుడు వెంటనే ఆటకు తలుపు మూయకుడు. ముందు చేతిని చూడుడు, పిదప తొడుగును చూడుడు, ఆపైన శిక్షకుని అడుగుడు. చెప్పినందుకు శిక్ష పడునని తెలిసిన పిల్ల రెండవసారి చెప్పదు. విద్యార్థులారా, నొప్పిని ఓర్చుకొనుట వీరత్వమని మీకెవరైన చెప్పినచో తాళము త్రిప్పిన ఆ పిల్లవానిని తలచుకొనుడు. ఆ చేయి మీకు గుద్దుటకే గాదు, పరీక్ష వ్రాయుటకును, అన్నము తినుటకును, రేపు మగ్గముమీదనో యంత్రముమీదనో పనిచేయుటకును కావలెను. నొప్పి కలిగిన నాడే ఇంట చెప్పుడు. ఇంట చెప్పుటకు వెరచినచో మాకు చెప్పుడు.