తియన్‌షాన్ కొండల తులిప్ పువ్వు

తులిప్ పువ్వు అనగానే పలువురకు హాలెండు దేశము స్ఫురించును. అయినను హాలెండు ఆ పువ్వునకు మెట్టినిల్లే గాని పుట్టినిల్లు కాదు. 1593వ సంవత్సరమున లెయిడెన్ నగరము చేరిన క్లూసియస్ పండితుడు అచ్చటి విశ్వవిద్యాలయపు తోటలో దానిని నాటించెను. అంతకు మున్నే తురుష్కుల తోటలలో అది గారాబముగా పెరిగినది. దాని జాతులలో పెక్కింటికి జన్మస్థానము మధ్య ఆసియా పర్వతములు.

ఆ వన్యజాతులలో గ్రేగు తులిప్ అనునది యొకటి. కజకిస్తాను, ఉజ్బెకిస్తాను, కిర్గిజ్‌స్తాను దేశములయందు వ్యాపించిన పశ్చిమ తియన్‌షాన్ కొండవాలులమీద అది తనంత తాను మొలచును. ఎత్తు సాధారణముగా మూరకు మించదు. వెడల్పైన ఆకులమీద సిరా చిందినట్లు ఊదారంగు చారలుండును. పువ్వు తరచుగా ఎరుపు, పసుపువియు కలవు. 1873లో రెగెల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి, రష్యా ఉద్యానసంఘాధ్యక్షుడైన గ్రేగు పేరు పెట్టెను. కజకులు మాత్రము తులిప్పును కిజ్గల్దాక్ అనియే పిలుతురు.

విత్తనము మొలచి పూచుటకు ఐదారేండ్లు, ఒక్కొక్కయెడ అంతకు హెచ్చుకాలము పట్టును. కావున గడ్డ త్రవ్వినను, పువ్వు కోసినను ఆ లోటు త్వరగా తీరదు. ఈ పూలు పూచు ఆక్సు-జబాగ్లీ ప్రాంతమును 1926లోనే రక్షితవనముగా నేర్పరచిరి.

ఆ కొండలలో శీతకాలమున మంచు కప్పును. వేసవిలో నేల యెండిపోవును. నడుమ వసంతపు కొలది వారములే ఆ మొక్కకు దక్కిన కాలము. ఆ లోపలనే ఆకు తొడిగి, పూచి, కాయ కాచి, తిరిగి గడ్డలో దాగవలెను. ఏటేట పాతగడ్డ తన సారమంతయు వెచ్చించి కృశించును. దాని స్థానమున పిల్లగడ్డ తయారగును. రాబోవు ఏటి మొగ్గ అందులో ముందుగనే యేర్పడును. కాని పలు వారముల చలి తగిలిననే గాని కాడ సాగి పువ్వు చక్కగా వెలికి రాదు.

తోటలలో పెంచు తులిప్పులకును ఇదే ధర్మము. దీనిని మేము బరంపురములోని మా యింటనే చూచితిమి. కొన్నేండ్ల క్రిందట మా మేనల్లుడు ఢిల్లీనుండి నాలుగు గడ్డలు తెచ్చియిచ్చెను. శీతలగృహమున నుంచి అమ్మినవి గావున మాఘమాసమున మూడు పూచినవి. వీధివారందరు వచ్చి చూచిరి. మరుసటేడు పిల్లగడ్డలు ఆకులు మాత్రమే వేసినవి.

“తల్లిగడ్డ పూసింది కదా తాతా, దీనికేమైంది?” అని మా మనుమరాలు అడిగినది.

“తల్లి పడిన చలి బిడ్డకు రాదమ్మా. దీని చలి దీనికి కావాలి” అని చెప్పితిమి.

నాటినుండి ఆ మాట మా మనస్సును వీడలేదు. మా తాతగారు తెలుగుసీమ విడిచి వచ్చునప్పుడు భాషను వెంట తెచ్చుకొనిరి. అది మా తండ్రిగారికి ఊరక అబ్బలేదు. పెద్దబాలశిక్ష పట్టించి, ఎదుట కూర్చుండి చెప్పిరి. మా తండ్రిగారును మమ్మట్లే చదివించిరి. మనుమరాలు చదువు బడిలో తెలుగు లేదు. ఇప్పుడు రాత్రి భోజనమైన పిమ్మట ఒక గంట మేము ఆమెకు అక్షరములు దిద్దించుచున్నాము. గుణింతములు పూర్తియైనవి, ఒత్తులు మొదలుపెట్టినాము.