మసి మింగిన కణాలు

పామూరు పల్లెల నుంచి వచ్చే గళ్ల డబ్బాలను వెలుతురుకెత్తి చూడనిదే ల్యాబు లోపలికి తీసుకునేవాణ్ణి కాదు. నురగగా, నీళ్లలా ఉంటే అది ఉమ్మి.

"తెల్లారగట్ల లేచి తెచ్చాను గదయ్యా, మళ్లీనా?" అంది ఒక అవ్వ.

"ఇది నోట్లోది అవ్వా. రేపు నోరు పుక్కిలించి, గాలి నిండా పీల్చి, రొమ్ము లోపల్నుంచి దగ్గి తియ్యి."

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, ఒక రోగి ఉమ్మినే స్లైడు మీద పూసి 'నెగటివ్' అని రాసిచ్చాను. రెండు నెలలకు ఆ మనిషే ఎముకల గూడై వచ్చాడు. కార్బాల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా దీపంతో వేడిచేసి, యాసిడ్‌తో కడిగి, మెథిలీన్ బ్లూ అద్ది చూస్తే నీలం మీద ఎక్కడ చూసినా ఎర్రటి పుల్లలే. క్షయ క్రిములు!

అప్పట్నుంచి క్రిముల కంటే ముందు కాపలావాళ్లను వెతకడం అలవాటైంది. ఊపిరితిత్తుల్లో దాదాపు 30 కోట్ల గాలి తిత్తులుంటాయి. వాటిలో తిరిగే మాక్రోఫేజ్‌లే ఆ కాపలావాళ్లు, అవి దుమ్మునైనా, బ్యాక్టీరియానైనా చుట్టి మింగి, చేతనైనంత అరిగిస్తాయి. స్లైడు మీద అవి కనపడితే గళ్ల లోతు నుంచి వచ్చినట్టే.

క్షయ క్రిమి గడుసుది. తనను మింగిన కణంలో అరిగించే రసాలు దగ్గరికి రాకుండా అడ్డుకుని, అక్కడే కాపురం పెడుతుంది. అప్పుడు రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు వచ్చి మాక్రోఫేజ్‌లకు బలమిస్తాయి. అన్నీ కలిసి క్రిమి చుట్టూ గోడ కడతాయి. అందుకే క్రిమి సోకినవాళ్లలో పదింట తొమ్మిది మందికి జబ్బు బయటపడదు.

మార్కాపురం వైపు పలకల పనిచేసేవాళ్ల సంగతి వేరు. రాతి దుమ్ములోని సిలికాను మాక్రోఫేజ్ మింగుతుంది గానీ అరిగించుకోలేదు. తానే పగిలి చస్తుంది. బయటపడ్డ రేణువును ఇంకోటి మింగుతుంది, అదీ చస్తుంది. కాపలా పలచబడిన చోట క్షయకు దారి దొరుకుతుంది. ఆ రేణువులు నా స్లైడు మీద కనపడవు. అందుకే దగ్గుతో ఎవరొచ్చినా "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగి చీటీ మీద రాసేవాణ్ణి.

మర్నాడు అవ్వ చిక్కటి గళ్ల తెచ్చింది. స్లైడు నిండా మాక్రోఫేజ్‌లు, వాటి పొట్టల్లో నల్లటి చుక్కలు: కట్టెల పొయ్యి మసి. నూరు ఫీల్డులు వెతికినా ఎర్ర పుల్ల ఒక్కటీ లేదు.

నెగటివ్ అనే రాశాను. పొయ్యి సంగతి కూడా కింద రాసి డాక్టరుగారి దగ్గరికి పంపాను.