గన్నేరు దారి నుంచి అమ్మకు

ఉక్కునగరం, డిసెంబరు 12

అమ్మా,

క్షేమంగా అక్క క్వార్టరుకి చేరాను. అనకాపల్లిలో రైలు దిగి బస్సెక్కాను. కూర్మన్నపాలెం దాకా హైవే డివైడరు మీద ఎక్కడ చూసినా గన్నేరే. గులాబీవి, తెల్లవి, మధ్యమధ్య మన పెరట్లో ఉన్నటువంటి పచ్చగన్నేరు. లారీల పొగలో, సముద్రపు ఉప్పుగాలిలో విరగబూస్తోంది. ఎర్రగన్నేరు ఆకు తిరగేసి భూతద్దంతో చూస్తే చిన్నచిన్న గుంటలు, వాటిలో నూగు కనిపిస్తాయి. ఆకు గాలి పీల్చే రంధ్రాలు ఆ గుంటల్లో దాక్కుంటాయి కనుక తేమ తొందరగా ఆరిపోదు. మేకలు కూడా దాని జోలికి పోవు. అశ్వమారకమని, అంటే గుర్రాన్ని చంపేదని, సంస్కృతంలో దీనికో పేరు.

బస్సు దిగాక, రాలిన పచ్చగన్నేరు పువ్వొకటి తీసి చూపుడువేలికి తొడిగాను. టోపీలా సరిపోయింది. చప్పున నీ మాత్ర గుర్తొచ్చింది. ఎందుకో రేపు రాస్తాను, అక్క అన్నానికి పిలుస్తోంది.

మహారాణిపేట, డిసెంబరు 13

అమ్మా,

నీ గుండె మాత్రలు కొందామని పొద్దున కె.జి.హెచ్. డౌన్‌లో ఒక మందుల షాపుకు వెళ్లాను. 1923లో మొదలైన ఆ ఆసుపత్రి నుంచి చీటీలు పట్టుకుని జనం దిగుతూనే ఉన్నారు. షాపాయన నీ చీటీ చూసి, "అమ్మగారికా? శని, ఆదివారాలు మానమన్నారా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. "మాత్రకి కూడా శనివారం ఉపవాసమే" అని నువ్వనే మాట గుర్తొచ్చింది.

ఆ డిజాక్సిన్ మాత్రలో అసలు మందు పావు మిల్లీగ్రామే. డిజిటాలిస్ అనే మొక్క ఆకు నుంచి తీస్తారు. ఇంగ్లీషులో దాన్ని ఫాక్స్‌గ్లోవ్ అంటారు, నక్క చేతితొడుగన్నమాట. డిజిటాలిస్ అన్న పేరూ లాటిన్‌లో వేలు అనే మాట నుంచే వచ్చింది, పువ్వు వేలి తొడుగులా ఉంటుంది కనుక. నిన్న నా వేలికి పువ్వు తొడిగినప్పుడు తట్టింది ఇదే. అది చలిదేశపు మొక్క. మొదటి ఏడు నేలకు అంటుకుని ఆకులే వేస్తుంది, రెండో ఏడు నిలువెత్తు కాడ వేసి, గంటల్లాంటి పూలు పూసి, విత్తనం రాల్చి చచ్చిపోతుంది. మన దేశంలో కాశ్మీరులో, నీలగిరుల్లో పెంచారు. విశాఖ ఎండకు అది బతకదు.

ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే డాక్టరు 1775లో ఒక ముసలామె ఇచ్చే నాటుమందు గురించి విన్నాడు. ఒళ్లు నీరుపట్టినవాళ్లకు ఇచ్చేదట. అందులో ఇరవైకి పైగా మూలికలున్నా, పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లోవేనని పట్టుకున్నాడు. తర్వాత పదేళ్లు రోగుల మీద మోతాదు చూసుకుంటూ వచ్చాడు. ఆకు బలం కాలాన్ని బట్టి మారుతుందని, పూలు విచ్చే వేళకు కోసి, ఎండబెట్టి, పొడి చేసి ఇచ్చేవాడు. 1785లో పుస్తకం రాస్తూ కుదిరిన కేసులతో పాటు కుదరనివీ రాశాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే. మందు ముసలామెకీ తెలుసు, కొలత ఆయన నేర్పాడు. నువ్వు వేసుకునే డిజాక్సిన్‌ను 1930లో డిజిటాలిస్‌లోనే నూగాకు రకం నుంచి వేరుచేశారు.

గుండె కణాలు తమలోని సోడియాన్ని బయటికి తోడేస్తుంటాయి. ఈ మందు ఆ తోడే పనిని కాస్త అడ్డుకుంటే కణంలో కాల్షియం పెరుగుతుంది, కండరం గట్టిగా పిండుతుంది. దడ కూడా నెమ్మదిస్తుంది. ఎక్కువైతే అదే మందు గుండె లయను చెడగొడుతుంది. పోయిన శ్రావణంలో ఒక పూట మరిచావని మర్నాడు రెండేసుకున్నావు, మళ్లీ మళ్లీ అలాగే చేశావు. అన్నం సయించలేదు, వాంతులయ్యాయి, దీపం చుట్టూ పసుపు వలయం కనబడుతోందన్నావు. నేను అమ్మవారి దీపం కదా, అలాగే ఉంటుందిలే అన్నాను. అది మందు ఎక్కువైన గుర్తని నాకు తెలిసుండాల్సింది, బోటనీ చెప్పేవాణ్ణి. ఇక మరిచిన మాత్ర మరిచిందే, రెండు వేసుకోకు.

విశాఖపట్నం స్టేషను, డిసెంబరు 15

అమ్మా,

రైలుకి ఇంకా గంట ఉంది. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

గన్నేరుకీ ఫాక్స్‌గ్లోవ్‌కీ దగ్గరి చుట్టరికం లేదు, కుటుంబాలే వేరు. అయినా గన్నేరు పప్పులోని విషం కూడా గుండె కణాలు సోడియం తోడే ఆ పనినే అడ్డుకుంటుంది. నీ మాత్ర ఎక్కువైనవాళ్లకు విరుగుడుగా గొర్రెల రక్తం నుంచి చేసే మందు, పచ్చగన్నేరు గింజ తిన్నవాళ్లకూ పనిచేస్తుందని శ్రీలంకలో పరీక్షించి 2000లో ప్రకటించారు. కానీ అది ఖరీదైన మందు, అన్ని ఊళ్లలో దొరకదు.

అక్క పిల్లలు సంక్రాంతికి మన ఊరు వస్తున్నారు. నిరుడు బావి దగ్గర మన పచ్చగన్నేరు కాయలు ఏరి గచ్చకాయలాడారని చిన్నవాడు నిన్న ఉత్సాహంగా చెప్పాడు. వాడికి అయిదేళ్లు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. చెట్టు కొట్టెయ్యమనను, శివుడికి నువ్వు రోజూ కోసే పూలవి. పండగలోపు రాలిన కాయలన్నీ ఏరించి లోతుగా పాతిపెట్టించు. కాల్పించకు, ఆ పొగ మంచిది కాదు. పూలు కోశాక చేతులు సబ్బుతో కడుక్కో. నీ మాత్రల సీసా కూడా దేవుడి గూట్లోంచి తీసి పై బీరువాలో పెట్టు.

రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. ఎల్లుండి పొద్దున్నకి ఇంట్లో ఉంటాను. నేను వచ్చేదాకా బావి దగ్గరికి పిల్లలెవరినీ పంపకు.

నీ
చిన్నోడు