నీలగిరి కొండ దిగువన ఒక బక్క గుర్రం

ఊటీ అనగానే మనకు బొటానికల్ గార్డెన్, కొండరైలు, సరస్సు గుర్తుకొస్తాయి. సరస్సు దగ్గర పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రాలు కూడా. గిరాకీ లేని వానాకాలంలో అవి ఏం తింటాయో మాత్రం మనం అడగం. జబ్బుపడినవీ, వయసు మళ్ళినవీ చెత్తకుండీల దగ్గర తిరుగుతూ కనిపిస్తాయి.

2023 జనవరిలో నేనూ మా ఆవిడా కోయంబత్తూరు నుంచి ఊటీ వెళ్ళి, అక్కడి టాక్సీలో కల్హట్టి ఘాట్ మీదుగా మసినగుడి వైపు దిగాము. 36 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతిదానికీ అంకె వేసిన పలక. పైన ఎముకలు కొరికే చలి, కింద ముళ్ళపొదలు, వెచ్చటి ఎండ. దిక్కులేని జంతువులను సాకే ఒక శరణాలయం చిరునామా మా బ్యాంకు మిత్రుడొకరు ఇచ్చారు.

ముందురోజే అక్కడికి ఊటీ నుంచి ఒక ఆడగుర్రాన్ని తెచ్చారు. దూరం నుంచే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. తుంటి ఎముకల దగ్గర చర్మం ఒరుసుకుపోయింది. మా ఆవిడ దారిలో కొన్న ఉలవలు, బెల్లం బయటికి తీసింది. గుర్రమంటే గుగ్గిళ్ళే కదా మనకు!

కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన తెలుగు పెద్దాయన ఒకరు అక్కడ కాపలా. "వద్దమ్మా, ఆకలి చూసి పెట్టగూడదు, కడుపు చూసి పెట్టాల" అన్నాడు.

కారణం పశువైద్యుడు చెప్పారు. చాలా రోజులు పస్తున్న గుర్రం తన కండనే కరిగించుకొని బతుకుతుంది. ఒక్కసారిగా గింజలు పెడితే ఒంట్లో ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. కొద్దిరోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. పస్తులకు చావనిది తిండికి చస్తుందన్నమాట.

అందుకని ఎండబెట్టిన లూసర్న్ గడ్డి, అరకిలో లోపు, నాలుగు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా. తమిళంలో దీన్ని 'కుదిరై మసాల్' అంటారు; కుదిరై అంటే గుర్రమే. ఇందులో పిండిపదార్థం తక్కువ, భాస్వరం, మెగ్నీషియం ఎక్కువ. మూడు రోజుల తరువాత కొంచెం కొంచెంగా పెంచుతూ, పది రోజులకు కడుపునిండా పెడతారు. ఖాయిలా పడిన పరిశ్రమకు మేము విడతలుగా సొమ్ము విడుదల చేసినట్టే.

మిగతా సేవ కూడా తక్కువది కాదు. ఒంట్లో కొవ్వు లేని జంతువుకు చలి ఎక్కువ, కనుక రాత్రి కంబళి కప్పారు. పుండ్లు ఒత్తుకోకుండా కింద మందంగా ఎండుగడ్డి పరిచారు. దగ్గర ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు. పళ్ళ అంచులు పదునెక్కి గడ్డి నమలలేక ఉండలుగా రాల్చేస్తుంటే, కాస్త కోలుకున్నాక వాటిని ఆకురాయితో అరగదీశారు. పురుగుల మందు కూడా తొందరపడి పట్టలేదు, బలం వచ్చాకే.

కాటా లేకుండా బరువు తెలుసుకొనే లెక్క నాకు బాగా నచ్చింది. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. ఆ రోజు చుట్టుకొలత 140, పొడవు 130. అంటే 215 కిలోలు. మే నెలలో మళ్ళీ వెళ్ళినప్పుడు చుట్టుకొలత 151, బరువు 250 కిలోలు! పెద్దాయన అడుగుల చప్పుడు వినగానే చెవులు నిక్కించింది. ఇక దానిమీద ఎవరినీ ఎక్కించరట.

ఈసారి సెలవులకు ఊటీ వెళితే, పిల్లలను ఎక్కించేముందు గుర్రం పక్కన చెయ్యి వేసి చూడండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. కనిపిస్తే ఆ సవారీ మానుకోండి. జాలిపడి రొట్టెలు, గింజలు పెట్టకండి. దగ్గరలోని పశువైద్యశాలకు కబురు చెయ్యండి.