తూటా తొడుగులు: కడగడం, ఆరబెట్టడం

అమెరికాలో గురి సాధన చేసేవారూ, వేటగాళ్లూ కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులను పారవేయక, వాటిలో కొత్త ప్రైమర్ (మందును అంటించే భాగం), మందు, గుండు అమర్చి మళ్లీ వాడుకుంటారు. ఈ పనికి రీలోడింగ్ అని పేరు. తూటా భాగాలన్నిటిలో మళ్లీ పనికివచ్చేది తొడుగు ఒక్కటే గనుక దాన్ని శుభ్రపరచడంలో వారు చూపే శ్రద్ధ సహజమే. అయితే ఆ శ్రద్ధ తరచు మెరుపు దగ్గరే ఆగిపోతుంది. తొడుగు మన్నిక మాత్రం అది ఏ రసాయనాన్ని తాకిందన్న దాని మీదా, ఎంత బాగా ఆరిందన్న దాని మీదా ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి మొదట బయటపడినది భారతదేశంలోనే. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాల తొడుగులు ఎవరూ ముట్టుకోకుండానే పగుళ్లు తేలేవి. తొడుగుకు వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. ఆ రేకును చల్లగానే సాగదీసి గొట్టంగా మలుస్తారు గనుక లోహంలో బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియా తేమతో కలిసి ఆ బిగువున్న చోట లోహాన్ని చీల్చిందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. అమ్మోనియా కలిసిన పాలిష్‌లు ఇత్తడిని ఎంత తళతళలాడించినా, తొడుగుల దగ్గరికి వాటిని రానివ్వకూడదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు.

శుభ్రపరచే పద్ధతులు ముఖ్యంగా రెండు. పొడి పద్ధతిలో మొక్కజొన్న కండెల పొట్టుతోనో, వాల్‌నట్ పెంకుల పొడితోనో తొడుగులను యంత్రంలో కదిలిస్తారు. కాలిన ప్రైమర్ నుంచి వచ్చే సీసం ఆ ధూళిలో చేరుతుంది గనుక ఈ పని ఆరుబయట చేసి, తరువాత చేతులు కడుక్కోవడం తప్పనిసరి. తడి పద్ధతిలో పాత ప్రైమర్లను ముందే తీసివేసి, సన్నని స్టీలు పుల్లలు, సబ్బునీరు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి పీపాలో తిప్పుతారు. తెలుగు ఇళ్లలో చింతపండు ఇత్తడి బిందె మీద చేసే పనినే ఇక్కడ నిమ్మ ఉప్పు చేస్తుంది: ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగిస్తుంది. మోతాదు మించితే మాత్రం జింకు కరిగిపోయి, ఉపరితలం గులాబీ రంగుకు తిరుగుతుంది. అది శుభ్రతకు గుర్తు కాదు, లోహం నష్టపోయిందనడానికి గుర్తు.

అసలు ఓర్పు కావలసినది ఆరబెట్టడంలోనే. పైభాగం నిమిషాల్లో ఆరిపోయినా, అడుగున ప్రైమర్ కూర్చునే గుంటలోనూ, నిప్పురవ్వ లోపలికి వెళ్లే సన్నని రంధ్రంలోనూ నీరు నిలిచిపోతుంది. ఆ తడి తగిలితే ప్రైమర్, మందు రెండూ చెడి, తూటా పేలకపోవచ్చు, లేదా గుండు తుపాకీ గొట్టం మధ్యలోనే ఇరుక్కుపోవచ్చు. అలా ఇరుక్కున్న గుండు వెనక మరో తూటా కాల్చితే తుపాకీయే బద్దలయ్యే ప్రమాదం ఉంది. తొందరపడి మంట మీద వేడిచేయడం ఇంకా అపాయం, ఎందుకంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇత్తడి మెత్తబడసాగుతుంది. పేలుడు ఒత్తిడిని తట్టుకోవలసిన అడుగుభాగం గట్టిదనం కోల్పోతే ఆ తొడుగు ఇక పనికిరాదు. అందుచేత అనుభవజ్ఞులు మంచి నీటితో ఒకటికి రెండుసార్లు జాడించి, తువ్వాలులో వేసి కుదిపి, పండ్లు ఎండబెట్టే యంత్రంలోనో ఎండలోనో పరచి, గుంటలో చెమ్మ లేదని ఒక్కొక్కటిగా చూసిన తరువాతే కొత్త ప్రైమర్ అమరుస్తారు.